ఉల్టా సీలు

నేను రిటైరైన మూడో నెలలో, ఒక ఆదివారం మధ్యాహ్నం, మా అమ్మాయి లాప్‌టాప్‌లో మొదటిసారి సీలును చూశాను. అంతవరకు సీలు అంటే నాకు తెలిసింది పోస్టాఫీసు సీలే. మా ఆయన ముప్ఫై రెండేళ్లు దాన్ని ఉత్తరాల మీద కొట్టి రిటైరైన మనిషి.

అమ్మాయి ఏ.ఎస్. రావు నగర్‌లో ఉంటుంది. ఆడపిల్లల కాలేజీలో జువాలజీ చెబుతుంది. ఆ రోజు మల్కాజ్‌గిరిలో మా ఇంటికొచ్చి, భోజనం కాగానే మంచం మీద లాప్‌టాప్ పెట్టుకుని ఏదో చూస్తూ విసుక్కుంటోంది. నేను వంగి చూశాను. తడి బండ మీద ఒక జంతువు పడుకుని ఉంది. బొద్దుగా ఉంది. తల ఒక కొస, తోక ఒక కొస పైకి లేపి అరటిపండులా వంగి ఉంది. బూడిదరంగు ఒంటి నిండా నల్లటి చుక్కలు. గుండ్రటి కళ్లతో నన్నే చూస్తున్నట్టుంది.

"ఏందే గిది? కుక్కనా, చేపనా?" అన్నాను.

"రెండూ కాదమ్మా. సీలు. సముద్రంల ఉంటది. అలసిపోతే బండలెక్కి పండుకుంటది."

ఐరోపాకు ఉత్తరపు కొసన, చలి సముద్రాల ఒడ్డున ఉండే చిన్న జాతి సీలు అది. మనిషంత పొడుగు. పెద్ద సీళ్ల ముందు పిల్లలా ఉంటుందట. ఏ రెండు సీళ్లకూ చుక్కలు ఒకేలా ఉండవు. పుట్టుకతో వచ్చిన చుక్కలు చచ్చేదాకా మారవు. అందుకని అక్కడి పరిశోధకులు ఏళ్ల తరబడి ఒకే తీరంలో ఫోటోలు తీసి, చుక్కలను బట్టి ఏది ఎవరో గుర్తుపడతారు. ఎవరు బతికున్నారు, ఎవరు పిల్లను కన్నారు, ఎవరు కనబడకుండా పోయారు అని రాసుకుంటారు. ఫోటోలు పోల్చే పని చాలావరకు కంప్యూటరు చేస్తుంది. అది తేల్చలేని జతలను వెబ్‌సైటులో పెడతారు. ఇంట్లో కూర్చుని ఎవరైనా చూసి చెప్పవచ్చు.

అమ్మాయి ఈ పనిని తన విద్యార్థినులకు ప్రాజెక్టుగా ఇచ్చింది. రెండు వారాలకే అందరికీ విసుగొచ్చి వదిలేశారట.

"ఏం చెయ్యాలె ఇందుల?" అని అడిగాను.

"రెండు ఫోటోలు పక్కపక్కన వస్తయి. ఒక్కటేనా, వేరేనా చెప్పాలె. గంతే."

"గంతేనా? జెర జరుగు" అన్నాను.

నేను ముప్ఫై ఒక్క ఏళ్లు ఒక ఎలక్ట్రానిక్స్ కంపెనీలో ఇన్‌స్పెక్షన్ చేశాను. రేడియోల్లో, టెలిఫోన్ పెట్టెల్లో ఉండే పచ్చటి బోర్డు మీద వందల సోల్డరింగ్ చుక్కలు ఉంటాయి. భూతద్దం కింద ఒక్కొక్క బోర్డును పెట్టి, ఏ చుక్క సరిగా పడలేదో, ఏది పక్కదానికి అంటుకుందో పట్టుకోవడం నా ఉద్యోగం. చివరి రెండేళ్లు మాత్రం ఆ పని చేయలేదు. మా లైనులోకి కెమెరా మిషను వచ్చింది. నన్ను స్టోర్స్‌కు మార్చారు. పని తేలికైంది కదా అని అందరూ సంతోషించమన్నారు. నేనూ సరేనన్నాను. కానీ ఆ రెండేళ్లు ఇంటికి రాగానే చేతులు కడుక్కుని ఊరికే కూర్చునేదాన్ని. నా కళ్లకు ఆకలిగా ఉండేది. ఇంకోలా చెప్పడం నాకు రాదు.

ఆ మధ్యాహ్నం నేను లేచేసరికి టీ వేళ దాటిపోయింది. నలభై జతలు చూశాను.

వారం తిరిగేలోపు అమ్మాయి తన పాత కంప్యూటరు తెచ్చి ముందుగదిలో పెట్టింది. ఉదయం మా ఆయన వాకింగ్‌కు వెళ్లగానే నేను కూర్చునేదాన్ని. నా పద్ధతి ఫ్యాక్టరీ పద్ధతే. మొత్తం సీలును ఒకేసారి చూస్తే కళ్లు మోసం చేస్తాయి. ముక్కు దగ్గర మొదలుపెట్టి చెంప, మెడ, భుజం అని గళ్లుగా విడగొట్టుకునేదాన్ని. ఒక గడిలో చుక్కలు కలిస్తేనే రెండో గడికి వెళ్లడం. తడిసిన సీలు నల్లగా నిగనిగలాడుతుంది, ఎండితే తెల్లబడి ఇంకో జంతువులా ఉంటుంది. ఏడాదికోసారి పాత బొచ్చు రాలే ముందు చుక్కలు వెలిసిపోతాయి. ఇవన్నీ పోను పోను నాకే తెలిశాయి. తెలియనివి అమ్మాయిని అడిగేదాన్ని. పుట్టిన కాసేపటికే వీటి పిల్లలు తల్లి వెంట ఈదుతాయని చెబితే, ఆ రోజంతా కనబడిన వాళ్లందరికీ చెప్పాను. కూరగాయల బండి ఆమెకు కూడా చెప్పాను. "గట్లనా! మనోళ్లు ఏడాదికి గని నడువరు" అని ఆమె బుగ్గ నొక్కుకుంది.

మా ఆయన మొదట నవ్వేవాడు. "జన్మంత నేను సీలు కొట్టిన. ఇగ సీలును చూసుడు నీ వంతు వచ్చిందా?" అనేవాడు. రెండు నెలలకు ఆయనే టీ పెట్టి నా పక్కన స్టూలు మీద పెట్టడం మొదలుపెట్టాడు. "ఎట్లున్నయే నీ సీళ్లు?" అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా నిలబడేవాడు.

వెబ్‌సైటులో పెట్టిన పాత ఫోటోల్లో ఒక పిల్ల సీలు ఉండేది. పాతికేళ్ల కిందట, ఫిల్ము కెమెరాల కాలంలో తీసిన ఫోటో. అప్పటికి దానికి ఏడాది వయసు. ముక్కుకు ఎడమ పక్కన ఒకే ఒక నల్ల చుక్క. కంటి కింద మూడు చుక్కలు వరుసగా. మెడ మీద సున్నా చుట్టినట్టు ఒక ఉంగరం, దాని మధ్యలో చిన్న బొట్టు. నేను దానికి ముక్కుపుడక అని పేరు పెట్టుకున్నాను. ఫోటో కింద, ఆ ఏడు తర్వాత మళ్లీ ఎన్నడూ కనబడలేదని రాసి ఉండేది. దాన్ని చూసినప్పుడల్లా మనసు చివుక్కుమనేది.

ఆ వేసవిలో కొత్త ఫోటోలు వచ్చాయి. వాటిలో పెద్ద వయసు తల్లి సీలు ఒకటి, పక్కన చంటిది. తల్లి ఎవరో తెలియదని కంప్యూటరు తేల్చింది. పట్టికలో దేనితోనూ కలవలేదు. నేను దాని ముక్కు దగ్గర మొదలుపెట్టి చెంప దాకా వచ్చి ఆగిపోయాను. ఎక్కడో చూశాను దీన్ని. ఎక్కడో తెలియడం లేదు. వారం రోజులు అది నన్ను వదల్లేదు. అన్నం తింటూ ఉన్నట్టుండి ఆగిపోతే మా ఆయన "ఏమైందే, రాయి తగిలిందా?" అన్నాడు.

తెలిసింది డాబా మీద. ఆ రోజు బట్టలు ఆరేసింది మా ఆయన. నా అద్దకం చీరను తిరగేసి ఆరేశాడు. చీర మీద మామిడిపిందెలు కుడివైపు వంగి ఉండాలి. తిరగేసినందుకు అన్నీ ఎడమకు వంగి, రంగు వెలిసి కనబడుతున్నాయి. చీరను సరిచేద్దామని అంచు పట్టుకున్నాను. అలాగే నిలబడిపోయాను. ఫ్యాక్టరీలో బోర్డుకు రెండు వైపులు ఉంటాయి. పైవైపు చూసిన వరుస కిందివైపు తిప్పితే ఎడమది కుడికి వస్తుంది. రోజుకు వందసార్లు మనసులో అలా తిప్పుకునేదాన్ని. నా ముక్కుపుడకను ఒక్కసారి కూడా తిప్పి చూడలేదు.

చెప్పుల్లేకుండా మెట్లు దిగి వచ్చి రెండు ఫోటోలు తెరిచాను. తల్లి సీలుకు ముక్కు కుడి పక్కన చుక్క. కంటి కింద మూడు. మెడ మీద ఉంగరం, మధ్యలో బొట్టు. అన్నీ ఉన్నాయి. అన్నీ అద్దంలోలాగా ఉన్నాయి.

వెబ్‌సైటులో ఈ రెండూ ఒకటేనని రాసి పంపాను. మూడు రోజులకు జవాబు వచ్చింది. చాలా మర్యాదగా ఉంది. మీ ఉత్సాహానికి కృతజ్ఞతలు, కానీ ఒకదాని గుర్తులు ఎడమ వైపున, ఇంకోదానివి కుడి వైపున ఉన్నాయి, సీలుకు రెండు వైపులా చుక్కలు ఒకేలా ఉండవు, కాబట్టి ఇవి వేర్వేరు అని.

అమ్మాయికి ఫోన్ చేశాను. సంగతంతా చెప్పాను.

"అమ్మా, వాళ్లు సైంటిస్టులు. ఏండ్ల సంది చూస్తున్నరు" అంది.

"నేను సుత ఏండ్ల సంది చూసినదాన్నే" అన్నాను. అన్నాక నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

మా ఆయన పక్కనే వింటున్నాడు. ఫోన్ పెట్టేశాక వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మా పోస్టాఫీసు సీలు మీద అక్షరాలు ఉల్టానే ఉంటయి. కాగితం మీద పడినంకనే సీదా అయితయి. నీ ఫోటో సుత అసొంటిదేనేమో. కానీ ఉల్టా పడ్డదని ఎట్ల చూపిస్తవ్? సీలు ఒళ్లు చూపిస్తే వాళ్లు ఒప్పుకోరు."

ఆ మాటతో నేను సీలును వదిలేసి, అది పడుకున్న బండను చూడటం మొదలుపెట్టాను. ముప్ఫై ఒక్క ఏళ్లలో నేర్చుకున్నది అదే. అనుమానం వచ్చిన చుక్కను చూస్తూ కూర్చోకూడదు, దాని చుట్టూ ఉన్నదాన్ని చూడాలి. కొత్త ఫోటోల్లో ఆ బండకు ఒక పగులు ఉంది, ఎడమ పైనుంచి కుడి కిందికి. గత పది పన్నెండేళ్ల ఫోటోలన్నిటిలోనూ అలాగే ఉంది. పాతికేళ్ల కిందటి ఆ ఒక్క ఫోటోల కట్టలో మాత్రం పగులు కుడి పైనుంచి ఎడమ కిందికి దిగుతోంది.

"బండకు అవతలి వైపు నిలబడి తీసిరేమో?" అన్నాడు మా ఆయన. అడ్డు ప్రశ్న వేయడంలో ఆయన దిట్ట.

దానికీ వెతికాను. బండ వెనక ఒక కొండ ఉంది. ఒక భుజం ఎత్తుగా, ఒకటి దిగువగా. పాత ఫోటోల్లోనూ అదే కొండ ఉంది, భుజాలు తారుమారై. అవతలి నుంచి తీస్తే వెనక సముద్రం కనబడాలి కానీ కొండ ఎలా వస్తుంది? మా ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. "ఇగ నువ్వు ఆగకు" అన్నాడు.

అయితే ఫోటో ఉల్టా ఎలా పడుతుంది? అది కూడా చెప్పగలిగితేనే నా రిపోర్టు నిలుస్తుంది. మర్నాడు ఇద్దరం రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగి, రెజిమెంటల్ బజార్‌కు నడిచాం. అక్కడ సందులో ఒక పాత ఫోటో స్టూడియో ఉంది. మా పెళ్లి ఫోటోలు ఆ స్టూడియోలోనే కడిగారు. ఇప్పుడు పాస్‌పోర్టు ఫోటోలూ జిరాక్సులూ తప్ప ఏమీ లేవు. పెద్దాయన ఎనభై దాటినా పగటిపూట కుర్చీలో కూర్చుంటాడు. విషయం చెప్పాను.

"అరే అమ్మా, గిదేం పెద్ద ముచ్చట!" అని లేచి, అలమారలోంచి అట్ట చట్రంలో బిగించిన చిన్న ఫిల్ము ముక్కను తీశాడు. "దీన్ని స్లైడ్ అంటరు. ఒక దిక్కు మెరుస్తది, ఒక దిక్కు మబ్బుగ ఉంటది. మెషిన్ల పెట్టేటోడికి ఎర్క లేకుంటే ఉల్టా పెడతడు. బొమ్మ మంచిగనే వస్తది. ఎవ్వనికీ తెల్వదు. నేను సుత షురూల ఒక పెండ్లికొడుక్కు ఎడమ చేతితోటి తాళి కట్టించిన!"

మేం ముగ్గురం నవ్వాం. ఆయన స్లైడును వెలుతురుకు పట్టి, అటూ ఇటూ తిప్పి చూపించాడు. మెరిసే వైపు, మబ్బు వైపు. నేను చేతిలోకి తీసుకుని నాలుగైదు సార్లు తిప్పాను. రైలులో తిరిగి వచ్చేటప్పుడు మా ఆయన దారంతా ఆ పెండ్లికొడుకు మాటే చెప్పుకుని నవ్వాడు.

ఇంటికొచ్చి రిపోర్టు రాశాను. నా ఇంగ్లీషు కథలు రాసే ఇంగ్లీషు కాదు. కానీ ఇన్‌స్పెక్షన్ రిపోర్టు రాయడం నాకు నిద్రలో కూడా వచ్చు. లోపం ఏమిటి. ఎక్కడ ఉంది. ఎలా తెలిసింది. కారణం ఏమై ఉండవచ్చు. సరిచూడటానికి ఏం చేయాలి. బండ ఫోటోలు, కొండ ఫోటోలు పక్కపక్కన పెట్టి, పగులు మీద ఎర్రగీత గీసి, చివర ఒక వాక్యం రాశాను: దయచేసి అసలు స్లైడును కిటికీ దగ్గర వెలుతురుకు పట్టి చూడండి. అమ్మాయి చదివి, ఒక్క అక్షరం మార్చకుండా పంపించింది.

పది రోజులు ఏమీ రాలేదు. నేను రోజూ చూసే జతలు చూస్తూనే ఉన్నాను. పొరపాటు నాదేమో అని ఒక్కసారి కూడా అనిపించలేదంటే అబద్ధం. పదకొండో రోజు అమ్మాయి ఫోన్ చేసి, పరిశోధకురాలు వీడియోలో మాట్లాడాలంటోందని, శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలకని చెప్పింది. సెలవు పెట్టి తనే వచ్చింది. మా ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. నేను ఆ అద్దకం చీరే కట్టుకున్నాను.

తెర మీద నలభై ఏళ్ల మనిషి కనబడింది. ఊలు టోపీ, గాలికి ఎర్రబడిన ముక్కు. ఆమె వెనక నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. ఆమె నమస్తే అని చేతులు జోడించి, ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పింది.

"మీ ఉత్తరం చదివి నేను పాత పెట్టెలు తెరిచాను. ఆ ఏటి స్లైడులున్న ట్రే మొత్తం తిరగేసి స్కాన్ చేశారు. ఎప్పుడో, ఎవరో. ఇన్నేళ్లూ మాలో ఒక్కరం కూడా గమనించలేదు. బొమ్మను సరిచేసి కంప్యూటరుకు ఇస్తే ఒక్క క్షణంలో ఒప్పుకుంది. ఆ రెండూ ఒకటే సీలు, మేడమ్. మీరు చెప్పిందే నిజం."

అమ్మాయి నా భుజం పట్టుకుంది.

"ఇంకా ఉంది" అందామె. "ఆ ట్రేలోనే పోయాయనుకున్నవి మరో నాలుగు దొరికాయి. ఇక మీ సీలు సంగతి. ఈ తీరంలో మాకు తెలిసిన తల్లులందరిలోకీ పెద్దది ఇదే. పాతికేళ్ల తర్వాత, తను పిల్లగా పడుకున్న బండ మీదికే వచ్చి తన పిల్లకు పాలిస్తోంది."

వెనక ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. ఏం తెలివితక్కువతనమో, నేను లేచి నిలబడ్డాను. ముప్ఫై ఒక్క ఏళ్లలో నా పని చూసి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇన్‌స్పెక్షన్‌లో తప్పు పట్టుకుంటే బోర్డు చేసినవాళ్లు మొహం ముడుచుకునేవాళ్లు, అంతే. ఇక్కడ నేను తప్పు పట్టుకున్నవాళ్లే చప్పట్లు కొడుతున్నారు. "థాంక్యూ, థాంక్యూ" అని మాత్రం అన్నాను. అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడ్డ మా ఆయన ముందుకొచ్చి, తెరలోకి వంగి, "షీ ఈజ్ మై వైఫ్" అన్నాడు. అటువైపు అందరూ గొల్లున నవ్వారు. అమ్మాయి నవ్వుతూ కళ్లు తుడుచుకుంది.

ఆ సాయంత్రం మా ఆయన వేడి జిలేబీ పొట్లాలు తెచ్చి, మా వీధిలో పదిహేను ఇళ్లకు పంచాడు. "దేనికి అన్నా?" అని అడిగితే "మా ఇంటామె ఒక సీలును పట్టింది" అని చెప్పాడట. సగం మంది నేనేదో దొంగ ముద్రను పట్టించాననుకున్నారు. రెండు రోజులు ఇంటింటికీ తిరిగి సరిచెప్పాల్సి వచ్చింది. ఆ తిరగడం నాకెంత ఇష్టంగా ఉండిందో చెప్పలేను.

పరిశోధకురాలు తర్వాత ఇంకో మాట రాసింది. పాత ట్రేలు ఇంకా చాలా ఉన్నాయి, వాటిని మీలాంటివాళ్లు చూస్తే బాగుంటుంది, మీకు తెలిసినవాళ్లు ఉన్నారా అని. ఉన్నారు. మా లైనులో నాతో పనిచేసిన ఆడవాళ్లు ఉప్పల్‌లో, మౌలాలిలో, నేరేడ్‌మెట్‌లో ఉన్నారు. కొందరు నానమ్మలయ్యారు, ఒకామె చీరల దుకాణం పెట్టింది. ఫోన్ చేస్తే ఆరుగురు సరేనన్నారు. అమ్మాయి కాలేజీలో మాట్లాడి ఆదివారాలు కంప్యూటరు ల్యాబు తీయించింది. వదిలేసి వెళ్లిన విద్యార్థినులు నలుగురు మళ్లీ వచ్చారు. ఈసారి మాకు మౌసు పట్టుకోవడం నేర్పడానికి.

మొదటి ఆదివారం నేను ముందు నిలబడి పద్ధతి చెప్పాను. ముక్కు దగ్గర మొదలుపెట్టండి. గళ్లుగా చూడండి. అనుమానం వస్తే తిప్పి చూడండి. అది పాఠంలా లేదు. షిఫ్టు మొదలైనట్టుంది. కాసేపటికి ల్యాబులో మాటలన్నీ ఆగిపోయాయి. ఆరు తలలు తెరల వైపు వంగాయి. ఆ నిశ్శబ్దం నాకు తెలిసినదే. చాలామంది కలిసి పనిచేస్తే వచ్చే నిశ్శబ్దం అది.

గంట గడవకముందే మూల కుర్చీలోంచి కేక వినబడింది. నాకన్నా నాలుగేళ్లు పెద్ద ఆమె. రెండు నెలల కిందటే శుక్లాల ఆపరేషన్ చేయించుకుంది.

"దొరికింది! ఏయ్, ఇటు రాండ్రి! కొత్త కన్నుతోటి పట్టిన!"

అందరం కుర్చీలు తోసుకుని పరుగెత్తాం. ఆమె వేలు తెర మీద ఒక సీలు మెడ నుంచి ఇంకో సీలు మెడకు ఒక్కో చుక్కే చూపిస్తూ పోతోంది. ఐదు చుక్కలు. ఆరు. ఏడు. ఏడోదాని దగ్గర అందరం ఒకేసారి "అవ్, ఒక్కటే!" అన్నాం.